ముద్ర లేని కాటాలు

కాటాలు బాగుచేసే ఆవిడను మా వీధుల్లో చిన్నా పెద్దా అందరూ కాటా అక్క అనే పిలుస్తారు. నేను ఆమెకంటే పన్నెండేళ్ళు పెద్దవాణ్ణి. మొదటిసారి నేనూ అలాగే పిలిస్తే ఆమె ఫక్కున నవ్వింది. అప్పటినుంచి "అమ్మా" అంటున్నాను. ఆమెకు నేను టైపు మాస్టారిని. కోర్టులో ముప్పై నాలుగేళ్ళు టైపు చేసి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చుంటే నా సణుగుడు భరించలేక మా ఆవిడే నన్ను రోగుల హక్కుల సంఘంలో చేరమని తరిమింది. సంఘమంటే పెద్దగా ఊహించుకోకండి. ప్రింటింగు ప్రెస్సు మేడ మీద ఒక గది, ఒక బీరువా, నా టైపు మిషను. ఆస్పత్రిలో అన్యాయం జరిగిందనుకున్నవాళ్ళు వస్తారు. వాళ్ళు చెప్పింది నేను కాగితం మీద పెడతాను. ఆ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాం. చాలాసార్లు తిరగడమే మిగులుతుంది.

కాటా అక్క మా మెట్లెక్కి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. యాభై దాటిన మనిషి, బక్కగా ఉంటుంది. చేతిలో గుడ్డసంచి. ఆ సంచిని బల్లమీద పెడితే బల్ల కిర్రుమంది. అందులో తూకం రాళ్ళున్నాయి.

ఆమె కథ అంతకు నెల ముందు మొదలైంది. కూరగాయల మార్కెట్ వెనక సందులో ఆమెకు చిన్న షాపు ఉంది. తండ్రి పెట్టింది. పదేళ్ళ వయసునుంచి ఆయన పక్కన కూర్చుని స్ప్రింగులు తుడవడం, ముల్లు సున్నా మీదికి తేవడం నేర్చుకుంది. ఆయన పోయాక షాపు తనే నడిపింది. మార్కెట్లో ఏ కాటా మీద అనుమానమొచ్చినా తగవు ఆమె దగ్గరికే వస్తుంది. ఆమె రాళ్ళు పెట్టి చూసి చెప్పిందంటే ఇరువైపులవాళ్ళూ ఇంక నోరెత్తరు. భర్త పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తాడు, నెమ్మదస్తుడు. "మా ఇంట్లో ఒక్క నా మాటకి తప్ప అన్నిటికీ తూకం ఉంది" అంటుంటాడు.

ఒకరోజు ఆమె కూతురు ఎనిమిది నెలల పాపను ఎత్తుకుని షాపుకొచ్చి స్టూలు మీద కూలబడింది. ఆరోగ్య కేంద్రంలో నెలనెలా బిడ్డల బరువు చూసి కార్డు మీద చుక్క పెడతారు. ఆకుపచ్చ పట్టీలో చుక్క పడితే బిడ్డ బాగున్నట్టు, పసుపులో పడితే జాగ్రత్తపడాలి, ఎరుపులో పడితే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ రోజు పాప చుక్క పసుపులోకి జారింది.

"నర్సమ్మ నలుగురిలో అడిగిందమ్మా, పాలు సరిగ్గా పట్టట్లేదా అని. ఇంటికెళ్తే మా అత్తయ్య రెండోసారి అడుగుతుంది" అంది కూతురు.

కాటా అక్క పాపను తీసుకుంది. పళ్ళెంలో మెత్తటి తువ్వాలు పరిచి, దాని బరువు తీసేసి, పాపను పడుకోబెట్టింది. కార్డులో ఉన్నదానికంటే నాలుగు వందల యాభై గ్రాములు ఎక్కువ వచ్చింది. మళ్ళీ చూసింది. అంతే వచ్చింది. పాపను దించి రాళ్ళు పెట్టి చూసింది.

"నీ కాటాయే తప్పేమోనమ్మా" అంది కూతురు భయంభయంగా.

"నా కాటా తప్పయితే ఈ మార్కెట్లో సగం మంది జైల్లో ఉండాలి. నువ్వు లేచి మొహం కడుక్కో."

మర్నాడు ఆమె రాళ్ళు సంచిలో వేసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. పోట్లాటకే సిద్ధపడి వెళ్ళానని ఆమే చెప్పింది. అక్కడ నర్సు సంచిలోని రాళ్ళను చూసి కుర్చీ లాగి వేసింది.

"మూడుసార్లు రాశానమ్మా పైకి, కాటా సరిగా లేదనిపిస్తోందని. అనిపించడం కాదు, ఎంత తేడానో రాయమన్నారు. ఎంత తేడానో చూడ్డానికి నా దగ్గరేముంది? నా మోకాలా?"

రాళ్ళు పెడితే ముల్లు తడబడుతూ వెళ్ళి ఐదు కిలోలకు నాలుగున్నర దగ్గర ఆగింది. పళ్ళెం వేలాడే కొక్కెం వంగి చట్రానికి రాసుకుంటోంది. స్క్రూడ్రైవరుతో పది నిమిషాల పని. బాగుచేసి, నర్సు చేతనే మళ్ళీ రాళ్ళు పెట్టించి చూపింది. పాప చుక్క ఆకుపచ్చలోకి వచ్చింది. వియ్యపురాలికి కబురు చేరింది. కథ అక్కడితో అయిపోవాలి.

కాని ఇంటికొచ్చే దారిలో ఆమెకు ఒక ఆలోచన పట్టుకుంది. "మార్కెట్లో కాటా తప్పితే అమ్మేవాడైనా, కొనేవాడైనా నష్టపోతాడు మాస్టారూ. నష్టపోయినవాడు అరుస్తాడు. ఆ అరుపే నాకు తిండి పెడుతుంది. ఇక్కడ అరిచేవాళ్ళెవరు? ఇది తక్కువ చూపించింది కాబట్టి తల్లులు చివాట్లు తిన్నారు, అంతే. ఎక్కువ చూపించే కాటా ఎక్కడైనా ఉంటే? చిక్కిపోతున్న బిడ్డకి బాగున్నావని చెప్పి పంపించేస్తుంది కదా."

ఆ ఆలోచన తలలో పెట్టుకుని ఆమె తూనికల శాఖ ఆఫీసుకు వెళ్ళింది. ఏటా తన రాళ్ళకు ముద్ర వేయించుకునే ఆఫీసే, అందరూ తెలిసినవాళ్ళే. అక్కడి అధికారి కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడు: "అక్కా, వ్యాపారానికి వాడే కాటాలకే మా ముద్ర. ఆస్పత్రిలో బిడ్డల్ని ఎవరూ అమ్మట్లేదు కదా." పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆరోగ్య శాఖకు వెళితే, కాటాలు కొని పంపడం వరకే తమ పని, సరిచూడటం తూనికల శాఖదేనని గుమాస్తా తేల్చేశాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. నిబంధనలు తిరగేసి చూస్తే నిజంగానే ఆ పని ఎవరిదీ కాదు. ఉల్లిపాయలు తూచే కాటాకు ఏటేటా ముద్ర ఉంది, బిడ్డలను తూచేదానికి లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం ఆరోగ్య కేంద్రాలకు కొత్త నిబంధనల ముసాయిదా ఒకటి బయటపెట్టింది. గదులెన్ని ఉండాలి, మందులు ఎక్కడ పెట్టాలి, కిటికీలకు దోమతెరలు, అన్నీ ఉన్నాయి. అభ్యంతరాలుంటే నెలలోపల రాయమన్నారు, ఆ తర్వాత కమిటీ పిలిచి వింటుంది. ఆమె మా గదికి వచ్చేటప్పటికి పంతొమ్మిది రోజులే మిగిలాయి. నలభై పేజీల ముసాయిదాలో కాటా అన్న మాట ఒకేఒక్కచోట ఉంది: "బరువు చూసే పరికరం ఉండవలెను." అంతే.

"ఉంటే చాలదని రాయండి" అంది.

"ఒక్క కేంద్రం సంగతి రాస్తే ఒక్క కాటా మార్చి చేతులు దులుపుకుంటారమ్మా. ఇంకెన్ని ఉన్నాయో చూడాలి" అన్నాను.

ఆ మాట అన్నందుకు నా కాళ్ళు నొప్పిపుట్టాయి. రెండు వారాలపాటు పొద్దున్నే బస్సెక్కేవాళ్ళం. ఆమె, సెలవు పెట్టి రాళ్ళ సంచి మోయడానికొచ్చిన ఆమె భర్త, నోటుపుస్తకంతో నేను. ఇరవై ఆరు కేంద్రాలకు వెళ్ళాం. మూడుచోట్ల గుమ్మం దాటనివ్వలేదు. మిగతా చోట్ల నర్సులే వాకిట్లోకి ఎదురొచ్చారు. మొదటి కేంద్రంలోని నర్సమ్మ వాళ్ళకు ముందే ఫోన్లు చేసి చెప్పిందని తర్వాత తెలిసింది. కాటా అక్క ప్రతిచోటా ఒకటే పద్ధతి పాటించింది. ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసేది. తర్వాత రెండు కిలోలు, ఐదు, ఏడు. ప్రతిదీ మూడుసార్లు. అంకె తను చెప్పేది కాదు, నర్సునే చదవమనేది. నర్సు చదివిందే నేను రాసుకునేవాణ్ణి.

ఇరవై మూడు కాటాల్లో తొమ్మిది, రెండు వందల గ్రాములకు పైగా తప్పు చూపించాయి. వాటిలో నాలుగు ఎక్కువ చూపించాయి. అన్నిటికన్నా చెడ్డది రంగుల ఫ్యాక్టరీ వెనకున్న కేంద్రంలోది. వాడకంతో స్ప్రింగు సాగిపోయింది. రోజూ పొద్దున్నే నర్సు ముల్లును సున్నాకు తిప్పి పెడుతుంది కాబట్టి ఖాళీగా ఉంటే బుద్ధిగా అక్కడే నిలబడుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఏడు కిలోలు పెడితే ఏడు కిలోల ఏడు వందల గ్రాములు చూపించింది.

అక్కడ బల్లమీద ఒక ఆవిడ కూర్చుని ఉంది. వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి, చెయ్యి కాలితే మందు రాయించుకోవడానికొచ్చింది. మేము రాళ్ళు పెట్టడం, తీయడం, నర్సు అంకెలు చదవడం అంతా చూసింది.

"ఎక్కువ చూపిస్తోందా?" అని అడిగింది.

"అవునమ్మా" అంది కాటా అక్క.

ఆవిడ కట్టు కట్టించుకోకుండానే లేచి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత మా గదికి వచ్చింది. చీర కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఎదుగుదల కార్డు. ఆమె కూతురు పోయినేడు పదకొండో నెలలో పోయింది. మొదట విరేచనాలు పట్టుకున్నాయి, తర్వాత జ్వరమొచ్చింది, ఆస్పత్రిలో మూడు రోజులుంది. బిడ్డలో బలం లేదు, ముందే ఎందుకు తీసుకురాలేదని అక్కడి డాక్టరు కోప్పడ్డాడు. కార్డు మీద పది చుక్కలున్నాయి. పదీ ఆకుపచ్చలోనే ఉన్నాయి.

"ఆ కాటా మీదే చూశారక్కా, పదిసార్లూ" అంది.

కాటా అక్క కార్డును చాలాసేపు చూసింది. నేను టైపు మిషనులో కాగితం ఎక్కించాను. నా బుద్ధి సంగతి దాచుకోను. ముప్పై నాలుగేళ్ళు కోర్టులో ఉన్నవాణ్ణి, ఏ కాగితం చూస్తే ఎదుటివాళ్ళు కదులుతారో నాకు తెలుసు. ఆ కార్డు చేతికొచ్చాక ఇరవై మూడు కాటాల లెక్క నాకు చిన్నదిగా కనిపించింది.

"ఈ ఒక్క కార్డు చాలమ్మా. ఆ కాటా వల్లే బిడ్డ పోయిందని రాద్దాం" అన్నాను.

"వద్దు" అంది కాటా అక్క.

"ఎందుకొద్దు?"

"పోయినేడు ఆ కాటా ఎలా ఉందో నేను చూశానా? స్ప్రింగు అప్పటికే సాగిందో, మొన్ననే సాగిందో నాకెలా తెలుస్తుంది? చూడని తూకం నేను చెప్పను మాస్టారూ."

ఇస్త్రీ బండి ఆవిడ మొహం ఎర్రబడింది. "మీ మనవరాలి తూకం తప్పితే మర్నాడే రాళ్ళు పట్టుకుని పరిగెత్తారు. నా కూతురి దగ్గరికొచ్చేసరికి తెలియదంటున్నారు."

కాటా అక్క తలెత్తకుండానే, "నిన్ను నమ్మక కాదమ్మా. నాకు తెలుసని అబద్ధం చెప్పలేను" అంది. ఆవిడ కార్డును కవరులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. నాకూ కోపం వచ్చింది. ఇంత నిక్కచ్చి అయితే ఎవరికీ ఉపయోగపడలేమని గట్టిగానే అన్నాను. ఆమె రాళ్ళను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళింది. ఆ తర్వాత నాలుగు రోజులు మా మధ్య కాగితాల మాటలే నడిచాయి. కాటాల లెక్కలు, ఆమె కోరికలు మూడు టైపు చేసి గడువుకు ఒకరోజు ముందు పంపాం. ఆరు నెలలకోసారి ప్రతి కాటాను సరిచూడాలి. సరిచూసిన తేదీ తల్లులకు కనిపించేలా కాటా మీదే అతికించాలి. ప్రతి కేంద్రంలో ముద్ర వేసిన ఐదు కిలోల రాయి ఒకటి ఉంచాలి, ఎవరడిగినా దాన్ని పెట్టి చూపించాలి. మూడోది చదివి మా సంఘం అధ్యక్షుడు, "రాయి కోసం ఇంత పోరా?" అని నవ్వాడు.

రెండు నెలలకు కమిటీ నుంచి పిలుపొచ్చింది. పెద్ద హాలు, పొడవాటి బల్ల, అవతల ఆరుగురు. ఇవతల మాలాంటివాళ్ళు ముప్పై మందికి పైనే. మనిషికి ఐదు నిమిషాలన్నారు. కాటా అక్క కాగితం చూసి చదివింది. నలుగురి ముందు చదవడం ఆమెకు అలవాటు లేదు. ఒక వాక్యం రెండుసార్లు చదివింది, ఒకటి వదిలేసింది. బల్ల చివర ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఆరుగురిలో పిల్లల డాక్టరు ఒకావిడ ఉంది. ఆవిడ మాత్రం పెన్ను కింద పెట్టి అడిగింది:

"ఏ కాటాకైనా కాస్త తేడా ఉంటుంది కదమ్మా. ఎంత తేడా వస్తే పట్టించుకోవాలంటారు?"

కాటా అక్క కాగితం మడిచేసింది. "అది మీరే చెప్పాలి డాక్టరు గారూ. ఎంత తేడా వస్తే మీరు రాసే మందు మారుతుంది?"

డాక్టరమ్మ కొంచెం ఆలోచించి, "చంటిపిల్లలకయితే రెండు వందల గ్రాములు కూడా ఎక్కువే" అంది.

అప్పుడు వెనక వరసలోంచి ఇస్త్రీ బండి ఆవిడ లేచింది. ఆమె వస్తున్నట్టు మాకు తెలియదు. తన పేరు జాబితాలో తనే రాయించుకుంది. ముందుకొచ్చి కార్డు బల్లమీద పెట్టింది. "నెలనెలా తీసుకెళ్ళాను. ప్రతిసారీ బాగుందని చెప్పి పంపారు. నేను ఆ మాటే నమ్మాను. పాప సన్నబడుతోందని మా అమ్మ అంటే, కార్డు చూపించి ఆమె నోరు మూయించాను" అంది.

కార్డు చేతులు మారింది. కమిటీ అధ్యక్షుడు కళ్ళద్దాలు పెట్టుకుని చుక్కలన్నీ చూశాడు. తర్వాత కాటా అక్క వైపు తిరిగాడు. "ఈ బిడ్డను తూచినప్పుడు ఆ కాటా తప్పుగానే ఉందంటారా?"

ఒక్క మాట అంటే చాలు, హాలు మొత్తం కదులుతుంది. ఆ తల్లి కూడా ఆమెనే చూస్తోంది.

"ఈ యేడు తప్పుగా ఉందండి, నేను చూశాను. పోయినేటిది నాకు తెలియదు" అంది కాటా అక్క. హాల్లో ఎవరో నిట్టూర్చారు. ఆమె ఆగలేదు. "నాకే కాదు, మీకూ తెలియదు, నర్సమ్మకీ తెలియదు. ఈ తల్లి ఎవరిని అడిగినా జవాబు రాదు, బతికున్నన్నాళ్ళూ రాదు. మా మార్కెట్లో టమాటాలు తూచే కాటా మూడేళ్ళ కింద ఎలా ఉందో నన్నడగండి, పుస్తకం చూసి చెప్తాను. ఆ పుస్తకం దీనికీ పెట్టమంటున్నానండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధ్యక్షుడు కార్డును తన చేత్తోనే కవరులో పెట్టి ఆ తల్లికి ఇచ్చాడు. తర్వాతి పేరు పిలిచారు. బయట వరండాలో ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే బల్లమీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. నేను మంచినీళ్ళు తెచ్చేసరికి మధ్యలో జాగా లేదు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

నిబంధనలు పదకొండు నెలలకు వచ్చాయి. ఆరు నెలలన్నది ఏడాది అయింది. కాటా మీద తేదీ అతికించాలని పెట్టారు, ప్రతి కాటాకు సరిచూసిన లెక్క రాసే పుస్తకం ఉండాలన్నారు. ఆ వాక్యం ఎవరు చేర్చారో కాని, కాటా అక్క హాల్లో అన్న మాటకు దగ్గరగానే ఉంది. ఐదు కిలోల రాయి ఉండాలన్నారు, ఎవరడిగినా చూపించాలనీ రాశారు. సరిచూడటం తూనికల శాఖ పని అని మొదటిసారి అచ్చులో పడింది. ప్రైవేటు క్లినిక్కుల ఊసు మాత్రం ఎత్తలేదు. నేను కాగితం మూడుసార్లు తిరగేశాను. ఎక్కడా లేదు.

నా కోపం అప్పటికే చల్లారింది. ఆ రోజు ఆమె అవునని ఉంటే ఏమయ్యేదో తర్వాత నాకు నేనే ఆలోచించుకున్నాను. ఆరోగ్య శాఖవాళ్ళు ఆ కాటా కొన్న తేదీ, పాత రికార్డు ఏదో తీసి ఆమె మాట రుజువు కాలేదనేవాళ్ళు. ఆమెతోపాటు ఇరవై మూడు కాటాల లెక్కా కొట్టుకుపోయేది. కోర్టులో అలాంటివి ఎన్ని చూశానో. చూసి కూడా నేనే ఆ పని చేయబోయాను.

నిబంధనలు వచ్చిన కొన్నాళ్ళకు చొక్కాలివ్వడానికి ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పెట్టె చల్లారబెట్టుకుంటూ, "మొన్న కేంద్రానికెళ్ళాను మాస్టారూ" అంది. "రాయి పెట్టి చూపించమంటే నర్సమ్మ పెట్టింది. ఐదు మీదే ఆగింది. కొత్త కాటా."

తలూపి చొక్కాలు అందించాను. ఆవిడ చొక్కా పరిచి దాని మీద నీళ్ళు చిలకరించింది.

కాటా అక్క ఇప్పుడు జిల్లా ఆస్పత్రి కమిటీలో రోగుల తరఫు సభ్యురాలు. నెలకోసారి సమావేశానికి వెళ్తుంది. అక్కడ ఎక్కువసేపు మాట్లాడేది కారు నిలిపే స్థలం గురించేనని విసుక్కుంటుంది, అయినా మానదు. నర్సులకు కాటా సరిచూడటం నేర్పించమని ఆరోగ్య శాఖవాళ్ళే ఒకరోజు పిలిచారు. ముప్పై మందికి నేర్పింది. ప్రైవేటు క్లినిక్కుల గురించి మేము పంపిన ఉత్తరానికి "పరిశీలనలో ఉన్నది" అని జవాబొచ్చింది. దాన్ని ఆమెకు చదివి వినిపించాను. తలుపు తీసిన ఆరు క్లినిక్కుల్లో అప్పటికే రాళ్ళు పెట్టి చూసొచ్చింది. రెండు తప్పు చూపించాయి. నోటుపుస్తకం నా ముందు తెరిచి పెట్టి, "ఈ అంకెలు పైన వేయండి మాస్టారూ, మన విన్నపం కింద వేయండి. మొదటి పేజీ దాటి చదివే ఓపిక వాళ్ళకుండదు" అంది. నేను మిషనులో కొత్త కాగితం ఎక్కించాను.